అజాయబ్ సింగ్ సైకిలు పాఠం

ఆ ఉదయానికి అజాయబ్ సింగ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి మెంతికూర పరాఠా, తొమ్మిది నుంచి పదిన్నర దాకా సైకిలు నేర్చుకోవడం, పదకొండింటికి బడికి వెళ్లి దాన్ని పిల్లలకు చెప్పడం. నేర్చుకోవలసింది తొక్కడం కాదు, అది ఆయనకు వచ్చు. సైకిల్లో ఏయే భాగాలుంటాయి, వాటి పేర్లేమిటి, ఏది ఎందుకుంది అన్నవి నేర్చుకోవాలి. లుధియానాలో ముప్పై ఒక్కేళ్లుగా సైకిళ్ల వ్యాపారంలో ఉన్న మనిషికి గంటన్నర ఎక్కువేనేమో అని కూడా అనుకున్నాడు.

ఈ చిక్కు తెచ్చింది కోడలు రవ్‌నీత్. ఫరీద్‌కోట్ నుంచి కాపురానికి వచ్చి రెండు నెలలైంది. రెండు వీధుల అవతల ఉన్న బడిలో మూడో తరగతి టీచరుగా చేరింది కానీ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆ రోజు ప్రిన్సిపాల్ సోఫత్ మేడమ్ వెనక బెంచీలో కూర్చుని పాఠం వింటుంది. నచ్చితే ఉద్యోగం ఉంటుంది, నచ్చకపోతే ఉండదు. పాఠం సైకిలు గురించి. "మా మామగారు సైకిళ్లు తయారుచేస్తారు మేడమ్, ఆయన్నే పిలుస్తాను" అని రవ్‌నీత్ అక్కడ అనేసి, ఇంటికొచ్చి "పాపాజీ, వస్తారు కదా?" అని అడిగింది. రెండు నెలల్లో ఆమె ఆయన్ను అడిగిన మొదటి కోరిక అది. ఆయన తల ఊపాడు.

అజాయబ్ సింగ్ సైకిళ్లు తయారుచేయడు. కాటర్ పిన్నులు తయారుచేస్తాడు. పెడల్ కాడను ఇరుసుకు బిగించి పట్టుకునే ఇనప ముక్క అది. చిటికెన వేలిలో సగం ఉంటుంది. ఆ గల్లీలో ఎవరి భాగం వారిది. ఒక ఇంట్లో రిమ్ములు, ఒక ఇంట్లో బెల్లులు, ఒక ఇంట్లో బ్రేకు కడ్డీలు. మొత్తం సైకిలు ఎక్కడో పెద్ద ఫ్యాక్టరీల్లో తయారవుతుంది. గల్లీలో వాళ్లందరికీ స్కూటర్లున్నాయి.

తాను అబద్ధం చెప్పాడా అని ఆయన రాత్రంతా ఆలోచించాడు. చెప్పలేదు. ఆ అమ్మాయి అనుకుంది, తాను కాదనలేదు. కాదనకపోవడం అబద్ధం కిందికి వస్తుందా రాదా అన్నది తేలలేదు. 'సైకిళ్లు తయారుచేస్తారు' అని ఆమె అన్నప్పుడు మాత్రం తన లోపల ఎవరో లేచి నిలబడి తలపాగా సర్దుకున్నట్టు అనిపించింది. ఆ మనిషిని మళ్లీ కూర్చోబెట్టడం ఆయనకు ఇష్టం లేకపోయింది.

తొమ్మిదింటికి కాగితం తీసి రాశాడు: హ్యాండిలు, సీటు, గొలుసు, చక్రాలు రెండు, కాటర్ పిన్నులు రెండు. కాటర్ పిన్ను గురించి మూడు పేజీలు రాశాడు. తర్వాత పెన్ను కదల్లేదు. అడిగి తెలుసుకుందామని లేచి గల్లీలోకి నడిచాడు.

ఆ గల్లీలో ఒక మర్యాద ఉంది. మనిషిని ఆరోగ్యం అడగొచ్చు, కొడుకు మార్కులు అడగొచ్చు, భార్యతో గొడవ ఎందుకొచ్చిందో కూడా అడగొచ్చు. అతను చేసే భాగం సంగతి మాత్రం అడగకూడదు. అడిగాడంటే ఆ పని తానే మొదలుపెట్టబోతున్నాడని లెక్క. ఈ సంగతి అజాయబ్ సింగ్‌కు తెలియక కాదు. తన మనసు తనకు స్పష్టంగా కనిపిస్తోంది కనుక అవతలివాళ్లకీ కనిపిస్తుందని అనుకున్నాడు. ఎక్కువగా తనలో తానే ఉండే మనుషులకు ఈ భ్రమ ఉంటుంది.

ఫ్రీవీల్ కర్నైల్ సింగ్ తన షాపు ముందు ఎండలో కూర్చుని టీ తాగుతున్నాడు.

"కర్నైలూ, వెనక చక్రంలో టిక్కుటిక్కుమంటుంది చూడు, మీ ఫ్రీవీలు. దాని లోపల ఏముంటుంది?"

కర్నైల్ సింగ్ గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగింది. "ఎందుకు?"

"ఊరికే."

"ముప్పై ఏళ్లలో నువ్వు ఊరికే ఒక్క మాట మాట్లాడలేదు పాజీ. పండక్కి కూడా తల ఊపి పోతావు. ఇవాళేమైంది?"

అసలు సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ముప్పై ఒక్కేళ్లు ఎదురింట్లో ఉండి ఫ్రీవీలంటే ఏమిటో తెలియదని చెప్పడం ఎలా? "లోపల ఎన్ని ముక్కలుంటాయి?" అన్నాడు.

కర్నైల్ సింగ్ లేచి షట్టరు సగం కిందికి లాగాడు. "లోపల గాలి ఉంటుంది" అన్నాడు.

అజాయబ్ సింగ్ కాగితం తీసి 'ఫ్రీవీలు: లోపల గాలి' అని రాసుకున్నాడు. గాలి ఉండేది టైర్లో కదా అని ఒక అనుమానం వచ్చింది. కానీ చెప్పినవాడు ఆ పనిలో పుట్టినవాడు. ఆయన రాసుకోవడం కర్నైల్ సింగ్ షట్టరు కింద నుంచి చూశాడు.

రిమ్ముల తిలక్‌రాజ్ షాపు గల్లీ మొదట్లో ఉంది. దారిలో ఇద్దరు ముగ్గురు పలకరిస్తే తల ఊపి, అజాయబ్ సింగ్ అక్కడికి చేరేసరికి పది నిమిషాలు పట్టింది. వార్తకు అంత పట్టలేదు.

"తిలక్ భాయీ, వెనక చక్రానికి స్పోకు పుల్లలు ఎక్కువుంటాయట కదా, ఎందుకని?"

"ఫ్రీవీలు చాల్లేదా? రిమ్ములు కూడానా?"

"ఏ ఫ్రీవీలు?"

"కర్నైల్ ఇప్పుడే స్కూటర్ మీద వచ్చి వెళ్లాడు. కాగితం కూడా రాసుకుంటున్నావట."

ఇక లాభం లేదని అజాయబ్ సింగ్ నిజం చెప్పాడు. "బడిలో చెప్పాలి, పిల్లలకి. మా కోడలు…"

"కోడలా?" తిలక్‌రాజ్ కుర్చీలో వెనక్కి వాలాడు. "కోడలి పేరు మీద పెడుతున్నావా ఫ్యాక్టరీ? నేను నిన్ను అమాయకుడివనుకున్నాను."

"ఫ్యాక్టరీ ఏంటి? పాఠం."

"మాకే పాఠం చెబుతున్నావు. చెప్పు, చెప్పు."

అజాయబ్ సింగ్ వెనక్కి తిరిగాడు. నిజం చెప్పినా నమ్మనప్పుడు, చెప్పింది నిజమేనా అని చెప్పినవాడికే ఒక్క క్షణం సందేహం వస్తుంది. ఆయన ఇంటికి నడుస్తూ, ఫ్యాక్టరీ పెట్టే ఉద్దేశం తనకు ఎప్పుడైనా కలిగిందా అని వెతికి చూసుకున్నాడు. ఇరవై ఐదో ఏట ఒకసారి కలిగింది. ఇంతకాలం తర్వాత అది వీళ్లకెలా తెలిసిందా అని కంగారుపడ్డాడు.

ఇంట్లో భార్య జస్బీర్ కౌర్ చేతిలో పిన్నీ లడ్లున్న స్టీలు డబ్బా ఉంది. "బ్రేకు వాళ్ల కోడలు ఇచ్చి వెళ్లింది. కంగ్రాచులేషన్స్ అంది. ఫ్యాక్టరీ పెడుతున్నావట. నాకొక మాట చెప్పవా సర్దార్‌జీ?"

"నాకూ ఇప్పుడే తెలిసింది."

"ఎక్కడ పెడుతున్నావు?"

"తెలీదు."

"చూశావా, ఇంట్లో చెప్పవు. ఊళ్లో అందరికీ తెలుసు."

అంతలో బెల్లుల హంస్‌రాజ్ చెక్క పెట్టె ఎత్తుకుని లోపలికి వచ్చాడు. నలభై ఏళ్ల నుంచి గల్లీలో అందరికన్నా గట్టిగా మాట్లాడే మనిషి, ఆ రోజు గుసగుసగా మాట్లాడాడు. "మిగతావాళ్లు నీమీద మండిపడుతున్నారు పాజీ. నేనలాంటివాణ్ని కాదు. నీ సైకిలుకి వేరేవాడి బెల్లు పెడితే మాత్రం నేను బతికుండీ చచ్చినట్టే. శాంపిళ్లు చూసుకో."

"హంస్‌రాజూ, నాకు సైకిలే లేదు."

"అదే అంటున్నాను, వచ్చేలోపలే మాట్లాడుకుందామని."

పదిన్నరకు అజాయబ్ సింగ్ కాగితం జేబులో పెట్టుకుని బడికి బయలుదేరాడు. మలుపు దగ్గర చప్పుడై వెనక్కి చూస్తే ఆరు స్కూటర్లు మెల్లగా వస్తున్నాయి. ఒకదాని మీద తప్ప అన్నిటి మీదా ఇద్దరేసి. ఒకడి భుజానికి రిమ్ము, ఇంకొకడి ఒళ్లో గొలుసులు. ఆయన ఆగితే అవి ఆగాయి. నడిస్తే నడిచాయి. ఫ్యాక్టరీలో భాగస్వామి ఎవరో ఇవాళ తేలిపోతుందని కర్నైల్ సింగ్ మిగిలినవాళ్లకు చెప్పాడు. అజాయబ్ సింగ్‌కు మాత్రం, కోడలి ముందు తన బండారం బయటపడేటప్పుడు సాక్ష్యానికి ఊరంతా వస్తోందని అనిపించింది.

తరగతి గదిలో నలభై మంది పిల్లలు. వెనక బెంచీలో సోఫత్ మేడమ్ శాలువా కప్పుకుని, ఒళ్లో రిజిస్టరు పెట్టుకుని కూర్చుంది. అజాయబ్ సింగ్ వెంట పదకొండు మంది మగాళ్లు వచ్చి గోడవారన నిలబడేసరికి ఆమె కళ్లద్దాలు పెట్టుకుంది.

రవ్‌నీత్ పిల్లల వైపు తిరిగింది. "పిల్లలూ, వీరు మా మామగారు. సైకిళ్లు తయారుచేస్తారు."

"విన్నారా?" అన్నాడు కర్నైల్ సింగ్ గోడ దగ్గర. "కోడలి నోటితోనే."

అజాయబ్ సింగ్ బోర్డు దగ్గరకు వెళ్లాడు. సుద్దముక్క పట్టుకున్నాడు. పిల్లల్ని చూశాడు, కోడల్ని చూశాడు, వెనక శాలువాను చూశాడు. ఇంట్లో రాసుకున్న మూడు పేజీలు గుర్తు రాలేదు. నోటికి వచ్చింది ఒక్కటే.

"సైకిల్లో ఫ్రీవీలు ఉంటుంది. దాని లోపల గాలి ఉంటుంది."

గోడ దగ్గర ఎవరో దగ్గారు. కర్నైల్ సింగ్ ముఖం ఎర్రబడింది. నాలుగు క్షణాలు తమాయించుకున్నాడు. అయిదో క్షణంలో పిల్లలు ఆ మాటను నోట్‌బుక్కుల్లో రాసుకోవడం కనిపించింది.

"రాయకండి" అన్నాడు. "గాలేంటి? మా నాన్న నలభై ఏళ్లు చేసింది గాలా?" ముందుకొచ్చి, జేబులోంచి ఫ్రీవీలు తీసి, బల్ల మీద పెట్టి మూత విప్పాడు. "చూడండి. లోపల రెండు నాలుకలు. తొక్కినప్పుడు ఇవి ఈ పళ్లను పట్టుకుని చక్రాన్ని తిప్పుతాయి. తొక్కడం ఆపితే పళ్ల మీంచి జారిపోతాయి, చక్రం దాని మానాన అది తిరుగుతుంది. జారేటప్పుడు వచ్చేదే ఆ టిక్కుటిక్కు."

ముందు పళ్లు ఊడిన ఒక పిల్ల చెయ్యెత్తింది. "అంకుల్, అన్నిసార్లు జారితే అరిగిపోవా?"

ఆ ప్రశ్న కర్నైల్ సింగ్‌ను జీవితంలో ఎవరూ అడగలేదు. అడిగే హక్కున్నవాళ్లెవరూ గల్లీలో లేరు. "అరగవు బేటా" అన్నాడు మెత్తబడిపోయి. "ఎర్రగా కాల్చి ఆవనూనెలో ముంచుతాం. అందరూ మామూలు నూనెలో ముంచుతారు. మేం ఆవనూనె, అందులో పిడికెడు ఉప్పు."

పిల్లలు చప్పట్లు కొట్టారు. అది తిలక్‌రాజ్ భరించలేకపోయాడు. "ఫ్రీవీలు దేనిలో ఉంటుంది? చక్రంలో. చక్రం దేనిమీద నిలబడుతుంది?" అంటూ రిమ్ము ఎత్తిపట్టి ముందుకొచ్చాడు. ముందు చక్రానికి ముప్పై రెండు పుల్లలు, వెనక దానికి నలభై ఎందుకో చెప్పాడు: కూర్చునేవాడి బరువు వెనకే పడుతుంది, గొలుసు లాగేదీ వెనకే. మెరుపు ఎలా వస్తుందని ఎవరో అడిగితే ముందు రాగి, దానిమీద నికెలు, ఆపైన క్రోము అని చెప్పి, రాగి తొట్టిలో ఎన్ని నిమిషాలుంచాలో కూడా చెప్పేశాడు. బ్రేకు కడ్డీల బల్వంత్ తన కడ్డీ వంపు కొలత బోర్డు మీద గీయించాడు. హంస్‌రాజ్ తన మామూలు గొంతు తెచ్చుకుని, బెల్లు గిన్నె అంచు నడిమికన్నా ఎంత పలచనైతే ఆ మోత వస్తుందో పిల్లల చేత మోగించి చూపించాడు.

ఒకడు చెబుతుంటే మిగతా పదిమంది కదలకుండా విన్నారు. అజాయబ్ సింగ్ బోర్డు పక్కన నిలబడి, వాళ్లు చెప్పే పేర్లన్నీ వరసగా రాస్తూ పోయాడు. తన వంతు వస్తుందని రెండుసార్లు అనుకున్నాడు. రాకముందే గంట కొట్టారు.

సోఫత్ మేడమ్ లేచి ముందుకొచ్చింది. "నేను పేరెంట్స్ మీటింగ్ పెడితే ముగ్గురు మగాళ్లు రారు. పన్నెండు మంది వచ్చి పిల్లలకి పాఠం చెప్పడం ఇదే చూడ్డం" అని, రవ్‌నీత్ వైపు తిరిగి, "సోమవారం వచ్చి లెటర్ తీసుకో" అంది.

గేటు బయట కర్నైల్ సింగ్ అజాయబ్ సింగ్ జేబులోంచి కాగితం లాక్కుని చదివాడు. 'లోపల గాలి.' ఇంకొకసారి చదివి పక్కవాళ్లకిచ్చాడు. "వీడు ఫ్యాక్టరీ ఏం పెడతాడు? వీడికి సైకిలుకి గొలుసు ఎటువైపుంటుందో కూడా తెలీదు." అందరూ నవ్వారు. భుజాలు తట్టారు. అజాయబ్ సింగ్ కూడా నవ్వాడు కానీ గొలుసు ఎటువైపుంటుందా అని లోపల వెతుక్కుంటూనే ఉన్నాడు. వెళ్లేటప్పుడు ఎవరి లెక్కలో వారున్నారు. తిలక్‌రాజ్ దారిలో ఒక చోట స్కూటర్ ఆపి, ఆవనూనె డబ్బా కొన్నాడు.

నెల తిరక్కుండానే తిలక్‌రాజ్ ఫ్రీవీళ్లు మొదలుపెట్టాడు. కర్నైల్ సింగ్ షాపు వెనక రాగి తొట్టి వెలిసింది. బెల్లులు ఇంకో ఇద్దరు చేస్తున్నారని హంస్‌రాజ్ మూడు రోజులు అన్నం మానేసి, నాలుగో రోజు బ్రేకు కడ్డీలు వంచడం మొదలెట్టాడు. దొంగతనం చేయబోతున్నాడని అందరూ వెంటపడిన మనిషి ఒక్కడే ఎవరిదీ తీసుకోలేదు. కాటర్ పిన్నుల జోలికి కూడా ఎవరూ రాలేదు; వాటి సంగతి ఆ రోజు ఎవరూ వినలేదు కదా.

ఇదంతా అయ్యాక ఒక ఆదివారం రవ్‌నీత్ ఆయనకు టీ తెచ్చి ఎదురుగా కూర్చుంది. "పాపాజీ, ఆ రోజు మీకు మాట్లాడే వీలే దొరకలేదు. సైకిళ్లు చేస్తారని నేనే అనేశాను. ఏ భాగమో అడగనే లేదు. చెప్పండి, వింటాను."

అజాయబ్ సింగ్ జేబులోంచి పిన్ను తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. దాని చదును వైపు చూపించాడు. ఆ వాలు వెంట్రుక వాసి తప్పితే పెడలు ఎలా ఊగుతుందో, ఊగితే కాలికి ఎలా తెలుస్తుందో, ఆ వాలు చేతికి రావడానికి తనకు ఏడేళ్లు ఎందుకు పట్టిందో చెప్పాడు. ఇన్ని మాటలు ఆయన పెళ్లయ్యాక భార్యతో కూడా ఒక్కసారిగా మాట్లాడలేదు. రవ్‌నీత్ మధ్యలో ఒక్కసారి కూడా లేవకుండా విన్నది. చివరికి పిన్నును వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది.

"అంటే మేకులాంటిదన్న మాట" అంది.

ముప్పై ఒక్కేళ్లుగా ఆ మాట ఎవరు అంటారోనని లోలోపల భయపడుతున్న అజాయబ్ సింగ్‌కు, తీరా విన్నాక, టీ చల్లారిపోయిందని మాత్రమే తోచింది.