హనుమన్న నమస్కారం, శాఖవారి కనీస బలం

మైదుకూరు నుంచి బద్వేలు పోయే రోడ్డులో ఒక నాలుగుదారుల కూడలి ఉంది. మొన్న శ్రావణంలో అక్కడ పోలీసు శాఖవారి ‘వాహనదారులతో స్నేహ వారోత్సవాలు’ దిగ్విజయంగా ముగిశాయని తెలియజేయడానికి ఆనందిస్తున్నాను. ఏడు రోజుల్లో విరిగింది ఒక్క మణికట్టు మాత్రమే. పోయిన ఏడాది ఈ సంఖ్య పదకొండు కాబట్టి, స్నేహం ఎంత ముదిరిందో పాఠకులు గ్రహించగలరు. కూడలి పేరు, స్టేషన్ పేరు రాయడం లేదు. పొగిడితే వాళ్ళకు సిగ్గు.

ఆ మణికట్టు హనుమన్నది. చీరలు నేస్తాడు. గుంట మగ్గం మీద కుడిచేత్తో తాడు లాగితేనే పేక దారమున్న నాడె అటూ ఇటూ పరుగెత్తుతుంది, చీర సాగుతుంది. ఆ రోజు పొద్దున పది గంటలకు షావుకారు ఇంటి నుంచి నూలు తీసుకుని పాత మోపెడ్ మీద వస్తున్నాడు. కానిస్టేబుల్ వీరభద్ర రోడ్డు మధ్యకు వచ్చి చెయ్యి ఎత్తాడు.

ఇక్కడ హనుమన్న ఘోరమైన తప్పు చేశాడు. ఖాకీ చొక్కా కనబడితే నమస్కారం పెట్టాలని అతనికి తండ్రి నేర్పాడు, తండ్రికి తాత నేర్పాడు. ఒంటిచేత్తో పెడితే అది మర్యాద కాదు. అందుకని రెండు చేతులూ హ్యాండిల్ మీది నుంచి తీసి నిండుగా జోడించాడు. ఆ మోపెడ్‌కు రెండు బ్రేకులూ చేతుల దగ్గరే ఉన్నాయి. చేతులు మర్యాదలో మునిగి ఉండగా బండి తన దారిన తాను మూడు గజాలు నడిచి, ఒక ఎర్ర ప్లాస్టిక్ కోన్‌ను పడదోసి ఆగింది.

“నిలపమంటే మీదికే వస్తాండావా?” అన్నాడు వీరభద్ర.

“లేదు సార్, దండం పెడ్తాండా,” అన్నాడు హనుమన్న, ఇంకా చేతులు దించకుండా.

జోడించిన చేతుల మీద కొట్టడం సులువు. లాఠీ దెబ్బలు రెండు పడ్డాయి. బండి అప్పటికే ఆగిపోయింది కదా అని కొందరికి సందేహం రావచ్చు. కదిలే బండి మీది మనిషిని కొట్టడం ప్రమాదకరం. శాఖవారు ఎప్పుడూ భద్రతకే పెద్దపీట వేస్తారు.

ముగింపు సభలో ఇన్‌స్పెక్టర్ మునీంద్ర గారు ప్రసంగించారు. “చట్టం మమ్మల్ని కనీస బలం వాడమంది. మా వీరభద్ర పది దెబ్బలు వేయగల ఓపిక ఉండి కూడా రెండింటితో సరిపెట్టుకున్నాడు. మిగిలిన ఎనిమిదీ ప్రజలకు మా శాఖ కానుక!” చప్పట్లు మారుమోగాయి. వీరభద్రకు శాలువా కప్పారు. నేతవాళ్ళను ప్రోత్సహించాలని పైనుంచి ఉత్తర్వు ఉండటంతో చేనేత శాలువానే తెప్పించారు. పడిపోయిన కోన్‌ను కడిగి, వేదిక మీద నిలబెట్టి, పూలమాల వేశారు.

స్టేషన్ రికార్డులో మాత్రం హనుమన్న అజాగ్రత్తగా నడిపి తనంతట తానే పడ్డాడని, ప్రభుత్వ ఆస్తికి నష్టం కలిగించాడని ఉంది. కేసు కూడా అతని మీదే. మూడు నెలలు చెయ్యి కదపొద్దన్నాడు డాక్టరు. రెండు వారాల్లో చీర దిగకపోతే మగ్గం మీది తన పడుగు నూలు కోసుకుపోయి ఇంకొకరికి ఇస్తానన్నాడు షావుకారు. ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. అయినా నవ్వించే కథ అని ఒప్పుకున్నాను కాబట్టి ముందుకు పోదాం.

హనుమన్న భార్య హేమావతి భర్తను వెంటబెట్టుకుని స్టేషన్‌కు పోయింది. “ఈ చెయ్యి ఆడకపోతే మా మగ్గం ఎట్ల ఆడుతాది సార్? మీరు కొట్టింది కొట్టినట్టు రాసుకోండి. అంతే మేం అడిగేది,” అంది. ఇన్‌స్పెక్టర్ గారు శానా ఓపికగా విన్నారు. ఎడమచేత్తో నేయడం నేర్చుకోమని సలహా ఇచ్చారు. హనుమన్న ఎడమచేత్తో నమస్కారం పెట్టినందుకు మందలించి, కొట్టకుండానే వదిలారు. కళ్ళారా చూసినవాళ్ళు ఒక్కరు సంతకం పెట్టినా ఫిర్యాదు పై ఆఫీసుకు పంపిస్తామన్నారు.

ఒక్కరంటే ఎంత! ఆ పూట కూడలిలో టీ అంగడి ముందు ముప్పై మందిమి ఉన్నాం. పన్నెండు మంది ఫోన్లలో తీశారు. ఆ వీడియో రాయచోటి దాకా పోయి, నవ్వే బొమ్మలు తగిలించుకుని మళ్ళీ మా ఫోన్లకే వచ్చింది. మేమంతా అరటిపళ్ళు పట్టుకుని పరామర్శకు పోయాం. మర్యాద తెలిసిన ఊరు మాది.

“హెల్మెట్ పెట్టుకోనుంటివా అప్పా?” అని అడిగాడు చిన్న ఈరన్న.

“బండి కాయితాలు ఉండాయా?” అంది టీ అంగడి సుబ్బలక్ష్మమ్మ.

“ఏమన్నా ఎదురు మాట్లాడితివా?” అన్నాను నేను.

ఊరికే యాడ కొడతారు, ఏందో ఒకటి చేసే ఉంటాడని అందరం కలిసి తేల్చాం. హేమావతి టీ ఇచ్చి, ఫిర్యాదు కాగితం ముందు పెట్టింది. చిన్న ఈరన్నకు పొలంలో పని గుర్తొచ్చింది. సుబ్బలక్ష్మమ్మ అంగడి ఆ రోడ్డు మీదే ఉంది. నేను రచయితను కాబట్టి, కథ రాస్తానని మాట ఇచ్చి లేచాను.

ఇదిగో, రాశాను. పడుగు నిన్న కోసుకుపోయారు. కాగితం మీద సంతకం ఇంకా పడలేదు.

హెల్మెట్ సంగతి ఈయన చెప్పడేమని మీరూ మధ్యలో ఒకసారి అనుకునే ఉంటారు. హనుమన్న పెట్టుకున్నాడు. కాయితాలన్నీ ఉన్నాయి. ఎదురు మాట్లాడలేదు. వీడియో మీ ఫోన్‌కూ వచ్చే ఉంటుంది, కళ్ళారా చూసే ఉంటారు. సంతకం పెట్టేముందు ఇంకేమైనా అడగాలా?