రెండు వందల యాభై రెండో నంబరు

శనివారం పదింటికి కారు ఖరీదు కట్టే మనిషి వస్తాడు. పదకొండుకల్లా వెళ్లిపోతాడు. ఆపైన రెండు పెసరట్లు తిని సాయంత్రం దాకా పడుకోవాలి. పొద్దున్నే లేచి మల్లికార్జున్ వేసుకున్న పథకం ఇంతే. వారమంతా ఆఫీసు పని చేసిన మనిషికి అది పెద్ద కోరికేం కాదు.

ప్లేనోలోని ఆ ఇంటి గరాజ్‌లో ఒకవైపు సూట్‌కేసులు, బియ్యం బస్తాలు, రెండో ఫ్రిజ్ ఉన్నాయి. రెండోవైపు, 1996 నాటి ఎర్ర స్పోర్ట్స్ కారు ముసుగు కప్పుకుని పదకొండేళ్లుగా నిద్రపోతోంది. కంపెనీ ఆ రకం కార్లు మూడు వందల యాభై మాత్రమే చేసింది. ఇది రెండు వందల యాభై ఒకటోది. ఆ సంగతి చెక్కిన చిన్న రేకు స్టీరింగ్ పక్కనే ఉంటుంది. భార్య పద్మిని కారు మాత్రం బయట ఉండి, రెండేళ్లలో రెండు వడగళ్ల వానలకు సొట్టలు పడింది.

"అరుదైన కారని ఆ ఖరీదు కట్టే ఆయన కాగితం మీద రాసిస్తే ఉంచుకో. రాయకపోతే సోమవారం అమ్మేస్తున్నాం" అంది పద్మిని. ఆ మాట మల్లికార్జున్‌కు మూడు రోజులుగా అన్నం సయించనివ్వలేదు.

కాల్విన్ సరిగ్గా పదింటికి వచ్చాడు. డెబ్బై దాటిన పొడుగాటి మనిషి. కారులో కూర్చుని, టార్చిలైటు వేసి చూసి, నోటుబుక్కు మూసేశాడు. 252వ నంబరు కారును పోయిన నెలే అరిజోనాలో ఒక పళ్ల డాక్టరు ఇంట్లో చూశానన్నాడు.

తమది 251 అన్నాడు మల్లికార్జున్. కాల్విన్ రేకు మీద లైటు వేశాడు. కొత్త రేకు తళతళలాడుతోంది. 252. అంచుల్లో కొత్త జిగురు కూడా కనిపిస్తోంది.

పద్మిని తండ్రి ధర్మారావు అతిథి కోసం కాఫీ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నారు. కూతురింటికి వచ్చి నెలయింది. గుంటూరులో ముప్పై ఒక్క ఏళ్లు రవాణా శాఖలో పనిచేసి రిటైరయ్యారు.

"మామయ్యగారూ, ఈ రేకు..."

"నేనే మార్పించాను అల్లుడుగారూ. రెండూ ఐదూ ఒకటీ కూడితే ఎనిమిది. శని. ఇప్పుడు తొమ్మిది. మా ఆఫీసులో తొమ్మిది కోసం జనం తలలు పగలగొట్టుకునేవాళ్లు. మీకు పైసా ఖర్చు లేకుండా చేయించాను."

"పాతదేది?"

"ఇంట్లో ఉంచకూడదు కదా. వెనక వాగులో వదిలేశాను. పారే నీళ్లు."

ఇదంతా కాల్విన్‌కు అర్థమయ్యేలా చెప్పడానికి మల్లికార్జున్‌కు మూడు ప్రయత్నాలు పట్టాయి. విన్నాక కాల్విన్ జాలిగా తల ఊపి, ఆ రేకు లేకపోతే ఇది ఉత్త పాత కారేనన్నాడు.

అయిదు నిమిషాల్లో అందరూ వాగులో ఉన్నారు. బుధవారం ధర్మారావును షీల్డులు, కప్పుల మీద పేర్లు చెక్కే షాపుకు తీసుకెళ్లినందుకు పక్కింటి రఘును కూడా దింపారు. "నాకేం తెలుసన్నా. షాపుకు తోలుకపొమ్మన్నడు, తోలుకపోయిన" అంటూ అతను పద్మిని బియ్యం కడిగే చిల్లుల గిన్నెతో బురద తోడాడు. ధర్మారావు గట్టున నిలబడి, ఎక్కడ వేశారో నాలుగు వేర్వేరు చోట్లు చూపించారు. అవతలి వీధిలో ఎవరో చూసి పోలీసులకు ఫోన్ చేశారు.

వచ్చిన ఆఫీసరు మర్యాదస్తుడు. ఏం వెతుకుతున్నారని అడిగాడు. మల్లికార్జున్ మోకాలి లోతు నీళ్లలో నిలబడి నిజమే చెప్పాడు. చెబుతుంటే అతనికే నేరం ఒప్పుకుంటున్నట్టు అనిపించింది.

"అంటే, కారు మీదున్న నంబరు మార్చి, పాతది వాగులో పడేశారు. ఎందుకు?"

"కూడితే ఎనిమిది వస్తుందండీ."

ఆఫీసరు అది రాసుకున్నాడు. కాసేపు చూసుకుని కొట్టేశాడు.

చివరికి కాల్విన్ కల్పించుకుని, బానెట్ కింద ఇంజను మీదున్న అసలు నంబరు చూపించి, కాగితాలతో పోల్చి, అది దొంగిలించిన కారు కాదని ఒప్పించాడు. అప్పటికి రెండు దాటింది. రేకు దొరకలేదు. పద్మిని కాల్విన్‌ను లోపలికి పిలిచి పెసరట్లు పెట్టింది. మల్లికార్జున్ స్నానం చేసి వచ్చేసరికి పిండి అయిపోయింది.

కాల్విన్ చేయి కడుక్కుని, డైనింగ్ టేబుల్ దగ్గరే కాగితం రాసిచ్చి వెళ్లాడు. మల్లికార్జున్ నిలబడే చదివాడు. ఈ రకం కార్లలో మూడు వందల పన్నెండు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. కొన్నవాళ్లంతా అరుదైనదని గరాజ్‌లో దాచుకోవడమే కారణం. మల్లికార్జున్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

కింద ఇంకో రెండు వాక్యాలు ఉన్నాయి. 'అయితే, సొంత నంబరు పారేసి, బతికున్న మరో కారు నంబరు పెట్టుకున్నది వీటిలో ఇదొక్కటే. నలభై ఏళ్ల అనుభవంలో ఇంత అరుదైన కారును నేను చూడలేదు.'

పద్మిని కాగితాన్ని రెండుసార్లు చదివింది. అరుదైనదని రాయాలన్నది తనే. అప్పుడు ఖరీదు మాట ఎత్తలేదు. అటకెక్కించిన పాత బొంతలు దింపుకుని, తన కారుకు కప్పడానికి బయటికి వెళ్లింది. ఆకాశం మబ్బుగా ఉంది.

అట్టడుగున ఖరీదు వేసి ఉంది. అసలు రేకుంటే నలభై వేల డాలర్లు, ఇప్పుడున్నట్టుగా పదిహేడు వేలు. ధర్మారావు కళ్లజోడు పెట్టుకుని ఆ అంకెను వేళ్ల మీద కూడారు.

"ఎనిమిదే వచ్చింది అల్లుడుగారూ. ఆయనకు ఫోన్ చేసి ఇంకో వెయ్యి వేయమనండి."

ఆ రోజు మొత్తంలో మామగారు చెప్పిన మాటల్లో మల్లికార్జున్‌కు అభ్యంతరం లేనిది అదొక్కటే.