కార్లు వానలో కరగవు

గుంటూరులో కార్ల క్లబ్బు పెట్టిన మహానుభావులకు ఊరూరా సన్మానం చెయ్యాలి. వేళాకోళం కాదు. మా ఊరి వంతు శాలువా నేనే కొంటాను.

ఎందుకంటారా? వాయుగుండం పట్టింది, వేటకు వెళ్లొద్దని రేడియో జాలర్లకు చెబుతోంది. సరిగ్గా ఆ రోజు చూసుకుని పదకొండు కార్లతో చీరాల సముద్రం చూడటానికి బయల్దేరడం మామూలు మనుషుల వల్ల అయ్యే పనేనా! మేమైతే అలాంటి రోజున చేలో విచ్చిన పత్తి తడుస్తుంటే అరుగు మీద కూర్చుని చూస్తాం. అంతకుమించి మాకు సరదాలేం తెలుసు?

దారి పొడుగునా వాళ్లు చేసిన మేలు ఒకటా రెండా! గుంతల్లో ఊరికే పడి ఉన్న బురదనీళ్లను బస్సుల కోసం నిలబడ్డ జనానికి పంచిపెట్టారట. కులం చూడలేదు, మతం చూడలేదు. ముసలీ ముతకా అందరికీ సమానంగా పంచారు. ఏ ప్రభుత్వం చేసింది ఈ పని?

కానీ నా కృతజ్ఞత వేరే. నా సందేహం ఒకటి వాళ్ల వల్ల తీరింది.

నాది ఊరి బడి చదువు. మా పంతులు ఆవు గురించి చెప్పాడు, ఏనుగు గురించి చెప్పాడు. కారు గురించి చెప్పలేదు. అందుకని కార్లను ఇనుముతో చేస్తారనే అనుకుంటూ వచ్చాను. రెండేళ్ల కిందట మా త్రినాథ్ ఆ పొరపాటు దిద్దాడు.

త్రినాథ్ నాకు వరసకు అన్న కొడుకు. గుంటూరులో మిర్చి వ్యాపారం. ఆ రోజు పని మీద కారులో ఊళ్లోకి వచ్చి, వాన పట్టుకోవడంతో ఆగిపోయాడు. మధ్యాహ్నం మా ఆవిడ సుబ్బరావమ్మకు గుండెల్లో నొప్పి వచ్చింది. తడుచుకుంటూ వెళ్లి కారు అడిగాను. పాపం, చాలా ఓపికగా విడమరిచి చెప్పాడు.

"చప్టా మీద మోకాటి లోతు నీళ్లు పారుతున్నాయి బాబాయ్. ఇంజన్లోకి నీళ్లు పోతే బండి ఇంక దేనికీ పనికిరాదు. వాన తగ్గనీ, నేనే తీసుకెళ్తా."

చప్టా అంటే మా ఊరి నుంచి పర్చూరు రోడ్డెక్కే చోట వాగుకు అడ్డంగా పరిచిన సిమెంటు దారి. వానలొస్తే నీళ్లు దాని మీదినుంచే పోతాయి. వేరే దారి లేదు.

కార్లను బెల్లంతో చేస్తారని అప్పుడు తెలిసింది నాకు.

గౌస్ బాషా ట్రాక్టరు తీశాడు. ట్రక్కులో మంచం వేసి, పైన పట్టా కప్పి చీరాల తీసుకెళ్లాం. ట్రాక్టరు తనకు చేతనైన వేగంతో వెళ్లింది. ఆస్పత్రి గుమ్మంలో డాక్టరు మా ఆవిడ చెయ్యి పట్టుకు చూసి, మెల్లగా కింద పెట్టాడు. తర్వాత వాన తగ్గింది. త్రినాథ్ మాట తప్పే మనిషి కాదు. పెద్దదినానికి కారులోనే వచ్చాడు.

అప్పటినుంచీ ఒకటే సందేహం. ఆ పూట ఆ కారు చప్టా దాటేదా, దాటేది కాదా? దేవుణ్ణి అడిగాను. మెకానిక్ సుభానీని అడిగాను. దేవుడు పలకలేదు. సుభానీ తల గోక్కుని, అది నడిపేవాణ్ణి బట్టి ఉంటుందన్నాడు.

ఇక క్లబ్బు వారి సంగతి. సముద్రం దగ్గర పోలీసులు వెనక్కి పంపేశారు. బిరియానీ గిన్నెలు కార్లలో చల్లారిపోతున్నాయి. తినడానికి చూరు కింద చోటు కావాలి. వాళ్లలో ఒకడైన మా త్రినాథ్‌కు నా పత్తి షెడ్డు గుర్తొచ్చింది. పదకొండు కార్లూ వాగు అవతల ఆగి హారన్లు కొట్టాయి. గొడుగేసుకుని వెళ్లాను. ముందున్నది త్రినాథ్ కారే. అదే తెల్ల కారు. నంబరు కూడా మారలేదు.

వాన లోపల పడకుండా అద్దం కాస్తే దించాడు. "బాబాయ్, నువ్వు కాస్త ముందు నడువు. లోతు తెలుస్తుంది."

పంచె ఎగ్గట్టి నడిచాను. నీళ్లు మోకాళ్లకు వచ్చాయి. వెనక కార్లన్నీ పెళ్లి ఊరేగింపులా వచ్చాయి. ఇవతలి గట్టెక్కి ఒక్కొక్కదాన్నీ పరీక్షగా చూశాను. ఒక్కటీ కరగలేదు!

"ఇంజన్లోకి నీళ్లు పోవంట్రా?" అన్నాను.

"అదేం లేదు బాబాయ్. ఫస్టు గేరులో పెట్టి, ఆపకుండా పోతే ఈ నీళ్లొక లెక్కా?"

ఎంత సంతోషంగా చెప్పాడో! మొహంలో ఏ జ్ఞాపకమూ లేదు.

షెడ్డులో భోజనాలయ్యాయి. వాళ్లలో ఇద్దరు డాక్టర్లు కూడా ఉన్నారు. మా ఊరికి డాక్టర్లు రావడం అదే మొదలు. క్లబ్బు ప్రెసిడెంటు జయకుమారి గారు తడిసిన నా పత్తి చేను చూసి, మంచు కురిసినట్టుంది, మీరు అదృష్టవంతులండీ అన్నారు. దణ్ణం పెట్టాను.

తిరిగి వెళ్లేటప్పుడు ఫోటో మోజు పుట్టింది. నీళ్లు రెండువైపులా రెక్కల్లా లేవాలి, మధ్యలో కారు రావాలి. జయకుమారి గారు కెమెరా పట్టుకున్నారు, ఒక డాక్టరు ఆవిడకు గొడుగు పట్టాడు. త్రినాథ్ కారు దూకించాడు.

"బాబాయ్, ఫోటోలో పడ్డావు. కాస్త పక్కకి జరుగు."

జరిగాను. వెనక్కి వచ్చి మళ్లీ దాటాడు. నీళ్లు చాలినంత లేవలేదన్నారు. రీలు కెమెరా, కడిగించేదాకా ఎలా వచ్చిందో తెలియదు, దేనికైనా మంచిది ఇంకోసారి అన్నారు. ఇంకోసారి దాటాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

మాకు ఒక్కసారి దాటితే చాలు. నేను అడిగింది కూడా ఒక్కసారే.

కాబట్టి పాఠకులారా, మండలానికొక కార్ల క్లబ్బు ఉండాలని నా మనవి. వానల్లో విహారం ఏ తేదీనో ముందుగా చాటింపు వేయిస్తే చాలు. మా ఊరివాళ్లం ఎలాగోలా సర్దుకుని ఆ రోజే జబ్బు పడతాం. కాకపోతే బిరియానీ తినడానికి వచ్చినంత దూరం మా కోసం కూడా రమ్మనడం అత్యాశ అవుతుందేమో, పెద్దలు ఆలోచించాలి.

ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. త్రినాథ్ ఒకటి ఫ్రేము కట్టించి నాకూ పంపాడు. మా గోడ మీద ఇదివరకే ఒక ఫోటో ఉంది, దండ వేసి. దాని ఎదురు గోడకు ఇది తగిలించాను.

ఆ రోజు ట్రాక్టరు కుదుపుల్లో మా ఆవిడ, త్రినాథ్ కారు రాదంటా అని రెండుసార్లు అడిగింది. రాదన్నాను. ఇప్పుడు తీరిగ్గా చూసుకుంటుంది.