బసవపున్నయ్య గారి జ్ఞాపకాలకు ముహూర్తం

సీనియర్ దర్శకులు బసవపున్నయ్య గారి జ్ఞాపకాలకు గత గురువారం ఉదయం తొమ్మిది గంటల పన్నెండు నిమిషాలకు జూబ్లీ హిల్స్‌లోని స్వగృహంలో ముహూర్తపు షాట్ జరిగిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. దేవుడి పటాల మీద కోడలు భువన గారు క్లాప్ కొట్టగా, కుమారుడు రవిచంద్ర గారు కెమెరాకు బదులు కంప్యూటర్ స్విచాన్ చేశారు.

విషయం ఏమిటంటే, ఎనభై రెండేళ్ల దర్శకుల వారికి మతిమరుపు జబ్బు. కన్నకొడుకునే "ఏ కంపెనీ నుంచి వచ్చావు బాబూ?" అని అడుగుతున్నారు. అందుకని మా సంస్థ ఒక వీఆర్ ఆట తయారుచేసింది. హెడ్‌సెట్ కళ్లకు పెట్టుకోగానే ఆయన తన సినిమా వందరోజుల వేడుకలో ఉంటారు. వేదిక మీద తనవాళ్లంతా కనబడతారు. పేరు పెట్టి పిలిస్తే పది పాయింట్లు, దండ వేస్తే ఇరవై.

ఆట తయారీకి మూడు వారాలు పట్టింది. వేదిక మీద ఎవరు ఎక్కడ కూర్చోవాలో తేలడానికి ఐదు నెలలు పట్టింది. ఆ సినిమా విడుదలనాటికి రవిచంద్ర గారు పుట్టలేదు. ఆ చిన్న లోపం సవరించి మధ్య కుర్చీ ఆయనకిచ్చాం. భువన గారు పెళ్లినాటి బరువుతో ముందు వరుసలో ఉండాలన్నారు. న్యాయమైన కోరిక. అసలు ఆ సినిమా తొమ్మిదో రోజునే ఎత్తేశారు గానీ, జబ్బు మనిషికి చేదు జ్ఞాపకాలెందుకు? నిడివి పెరగడంతో ఆటలోంచి ధనమ్మను తొలగించాం.

ధనమ్మ రహమత్ నగర్ నుంచి వచ్చి పదకొండేళ్లుగా ఆయనకు అన్నం తినిపిస్తున్న మనిషి. మరొకరి చేత్తో ఆయన మంచినీళ్లు కూడా తాగరు. అయితే ఆమెకు పరిశ్రమతో సంబంధం లేదు.

"నాన్నగారు జనానికి ఎన్నో జ్ఞాపకాలిచ్చారు," అన్నారు రవిచంద్ర గారు మైకులో. "ఈ రోజు మేం వాటిని ఆయనకు తిరిగిస్తున్నాం. అదీ ఫోర్‌కేలో!"

చప్పట్ల మధ్య హెడ్‌సెట్ పెట్టారు. పెద్దాయన వేదికంతా కలియజూశారు.

"ఎవరయ్యా ఈ జూనియర్ ఆర్టిస్టులు? అంత నవ్వొద్దని చెప్పండి. ధనమ్మేదీ?"

"ఇక్కడే ఉన్నానయ్యగారూ. టీ చల్లారిపోతుంది."

"ధనమ్మా, నువ్వు మధ్యలో మాట్లాడకు. ఫీల్ పోతుంది," అన్నారు భువన గారు.

పెద్దాయన హెడ్‌సెట్ ఊడదీసి, ధనమ్మ చేతిలోని గ్లాసు అందుకున్నారు. "కట్! వీళ్లకు భోజనాలు పెట్టించి పంపించెయ్యి ధనమ్మా."

వచ్చిన పాయింట్లు సున్నా. ఆటలో లేని మనిషిని గుర్తుపట్టడం నియమాలకు విరుద్ధం.

లోపం వెంటనే సరిదిద్దాం. ధనమ్మను నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసి, "ఒక్క ముద్ద అయ్యగారూ" అని తొమ్మిది రకాలుగా చెప్పించి రికార్డు చేసి, నాలుగో వరుసలో కూర్చోబెట్టాం. ఇక ఆట లోపలే ఉంది కనుక, ఒకటో తారీఖు నుంచి ఇంటికి రానక్కర్లేదని రవిచంద్ర గారు సెలవిచ్చారు.

"మరి ముద్ద ఎవరు పెడతారండీ?" అని ధనమ్మ అడిగింది. మంచి ప్రశ్న. తర్వాతి వెర్షన్‌లో పరిశీలిస్తామని రాసుకున్నాం.

ఈ ఆట త్వరలో మీ ఇళ్లకూ వస్తుంది. దరఖాస్తులో రెండే గళ్లు. ఒకటి, వేదిక మీద మధ్య కుర్చీ ఎవరికి? రెండు, మీ పెద్దవారికి అన్నం పెట్టే మనిషి పూర్తి పేరు? ఇప్పటికి నూట నలభై దరఖాస్తులు వచ్చాయి. మొదటి గడి అందరూ నింపారు.