కూజాలో కాపురం

మంగళవారం కళ్ళజోళ్ళ దుకాణానికి సెలవు. ఆ రోజు ఏమీ చెయ్యకూడదని దుకాణం యజమాని ముందే నిర్ణయించుకున్నాడు. వీధిలో అందరూ ఆయన్ని అద్దాలాయన అంటారు. భార్య లెక్కల టీచరు, ఎనిమిదింటికే బడికి వెళ్ళిపోయింది. అద్దాలాయన కాఫీ కప్పుతో హాల్లో చేపల తొట్టె ముందు కుర్చీ వేసుకున్నాడు. సాయంత్రం దాకా అక్కడే కూర్చోవాలి, గంటకోసారి టార్చి వేసి చూడాలి, ఇంకెవర్నీ తొట్టె ఛాయలకి రానివ్వకూడదు. ప్రణాళిక అంతే.

దానికి కారణం ఉంది. రెండేళ్ళుగా ఆయన ప్లెకోలు పెంచుతున్నాడు. తొట్టె అద్దానికి నోరు అతికించుకుని పాచి తినే నల్లచేప అది. మగదానికి మూతి నిండా కొమ్మలు కొమ్మలుగా మీసాలుంటాయి. ఇది గుడ్లు పెట్టాలంటే ఇరుకైన, చీకటి గుహ కావాలి. అద్దాలాయన ప్లాస్టిక్ గొట్టాలు పెట్టాడు, వెదురు ముక్కలు పెట్టాడు, పలకరాళ్ళు పేర్చి ఇల్లు కట్టాడు, చేపల దుకాణంలో ప్రత్యేకంగా దీనికే అమ్మే గుహలు మూడు రకాలు తెచ్చాడు. మగ ప్లెకో ఒక్కోదాన్నీ వాసన చూసి, అద్దె ఎక్కువ చెప్పిన ఇంటిని చూసినట్టు చూసి వెనక్కి తిరిగింది. చివరికి విసుగెత్తి, చేతికి అందిన ఒక మట్టి కూజాని తొట్టెలో పడేశాడు. వారం తిరక్కుండా మగచేప దాన్లో కాపురం పెట్టింది. శనివారం రాత్రి ఆడది లోపలికి వెళ్ళి, ఆదివారం పొద్దున బయటికి వచ్చింది. ఇప్పుడు కూజా అడుగున నారింజ రంగు గుడ్ల గుత్తి ఉంది. తండ్రి తిండి మానేసి, మూతికి అడ్డంగా పడుకుని, రెక్కలతో గుడ్లకి విసురుతున్నాడు. ఇంకో రెండు మూడు రోజుల్లో పిల్లలు.

అయితే ఆ కూజా వదినగారిది.

వదినగారంటే లెక్కల టీచరు అక్క. మూడేళ్ళ కిందట కుండలు చెయ్యడం నేర్చుకోవడం మొదలుపెట్టి, మొట్టమొదట తిప్పిన కూజాని చెల్లెలికి బహుమతిగా ఇచ్చింది. అది ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. నిలబెడితే ఎవరి మాటలో చాటుగా వింటున్నట్టు కనిపిస్తుంది. మొగుడూ పెళ్ళాం దాన్ని అటక మీద పెట్టి, వదినగారు వచ్చిన ప్రతిసారీ దించి షోకేసులో దీపం కింద నిలబెట్టేవారు.

తొమ్మిదింటికి ఫోను మోగింది.

"మరిదిగారూ, ఇవాళ సాయంత్రం నా కుండల ప్రదర్శన గుర్తుందిగా? మొదట్నుంచీ చేసినవన్నీ వరసగా పెడుతున్నాను. అన్నిటికంటే ముందు నా మొదటి కూజా ఉండాలి. పదకొండింటికి వచ్చి తీసుకెళ్తాను."

"ఆ కూజానా వదినా?"

"ఇంకెన్ని ఇచ్చాను మీకు?"

"ఒకటే. భద్రంగా ఉంది," అన్నాడు అద్దాలాయన. అది అబద్ధం కాదని తనకి తనే చెప్పుకున్నాడు.

వెంటనే భార్యకి ఫోన్ చేశాడు. ఆవిడ విరామంలో ఉంది.

"నిజం చెప్పేయండి," అంది.

"మీ అక్కకి నువ్వు చెప్తే బావుంటుంది."

"కూజా నేను వెయ్యలేదు. గంట కొట్టారు, వెళ్తున్నా."

సరే, చేపని మర్యాదగా ఇంకో గుహలోకి మార్చి, గుడ్లని జాగ్రత్తగా తీసుకుందామని చెయ్యి ముంచాడు. కూజాని ఒక వేలెడు వంచాడో లేదో, తండ్రి ముళ్ళు నిక్కబొడుచుకుని గోడలకి తన్నిపెట్టి బిగుసుకున్నాడు. ఫోర్కుకి కీరా ముక్క గుచ్చి గుమ్మం ముందు ఆడించాడు. ఆడచేప ఎక్కడినుంచో వచ్చి, ముక్కకి అతుక్కుని, గుమ్మానికి అడ్డంగా కూర్చుని తినడం మొదలెట్టింది. ఇప్పుడు తండ్రి రావాలనుకున్నా దారి లేదు.

పది కూడా కాకుండానే తలుపు కొట్టిన చప్పుడైంది. అద్దాలాయన మంచం మీది దుప్పటి లాగి తొట్టె మీద కప్పేసి తలుపు తీశాడు. వదినగారే. మోచేతుల దాకా ఎండిన మట్టి, కళ్ళలో ప్రదర్శన కంగారు.

"పని ముందే అయిపోయింది, వచ్చేశాను. కూజా ఏది? షోకేసులో లేదే?"

"అటక మీద... దుమ్ము పడకుండా దాచాం వదినా."

"అదేంటి, తొట్టెకి దుప్పటేంటి? చేపలకి చలా?"

"లీకవుతోంది," అన్నాడు నోటికొచ్చింది.

"లీకైతే దుప్పటి కప్పుతారా ఎవరన్నా? ఉండండి, మీ అన్నయ్యగారిని పిలుస్తాను."

అన్నయ్యగారంటే తోడల్లుడు. నీళ్ళ మోటార్లు బాగుచేస్తాడు. ప్రపంచంలో ఏ కష్టానికైనా ముందు నీళ్ళు తోడెయ్యాలన్నది ఆయన అభిప్రాయం. వదినగారు ఫోన్ పెట్టేసి, నిచ్చెన వేసుకుని అటక ఎక్కింది. "నేను దింపుతాను వదినా, మీకెందుకు శ్రమ," అని అద్దాలాయన కింద నుంచి బతిమాలాడు. "మీరు చేసే పనులు నాకు తెలుసు, పగలగొడతారు," అని పైనుంచి జవాబు వచ్చింది. పాత సూట్‌కేసులు, విరిగిన ఫ్యాను రెక్కలు ఒక్కొక్కటే అటక అంచుకి జరిగాయి.

పావుగంటలో తోడల్లుడు భుజాన మోటారు, మెడలో పైపుతో దిగాడు.

"అన్నయ్యా, అంత అవసరం లేదు. ఏదో చిన్న తడి."

"చిన్న తడి అనేవాళ్ళే ఆనక ఏడుస్తారు తమ్ముడూ." దుప్పటి ఒక మూల ఎత్తి పైపు ఒక కొస తొట్టెలోకి, రెండో కొస బాల్కనీలోకి వేశాడు. "లీకు దొరకాలంటే ముందు ఖాళీ చెయ్యాలి."

"వద్దు, వద్దు! అన్నయ్యా, నిజం చెప్తున్నా. లీకు లేదు!"

తోడల్లుడు కిందికి చూశాడు. ఆయన పైపులో మిగిలిన పాత నీళ్ళు అతుకులోంచి కారి నేలంతా తడిగా ఉంది. "మరి ఇదేంటి?" అని జాలిగా అడిగి మోటారు స్విచ్చి వేశాడు.

అద్దాలాయన స్విచ్చి దగ్గరికి ఉరికాడు. తడిలో కాలు జారి సోఫా మీద పడ్డాడు. లేచి ప్లగ్గు పీకేసరికి తొట్టె సగానికి దిగింది, బాల్కనీ తూము పొంగింది, కింది వాటాలోంచి పెద్ద కేక వినిపించింది. రెండు నిమిషాల్లో కింది వాటా లాయరుగారు గుమ్మంలో ఉన్నాడు. చేతిలో తీగ మీద ఆరేసిన నల్లకోటు. దాన్నుంచి నీళ్ళు, ఒక పాచి పోగు వేలాడుతున్నాయి.

"మధ్యాహ్నం వాదన ఉంది నాకు. ఇది వేసుకుని జడ్జిగారి ముందు నిలబడితే చేపల బజారు కేసనుకుంటారు. ఎవరి పని ఇది?"

"లీకండీ," అన్నాడు తోడల్లుడు.

"లీకు లేదు!" అని అరిచాడు అద్దాలాయన.

"ఇద్దరూ ఒకే మాట చెప్పండి, లేదా విడివిడిగా అడుగుతాను," అన్నాడు లాయరు. తనే చూద్దామని దుప్పటి లాగేశాడు. వంగి చూశాడు. ఇంకొంచెం వంగాడు. "ఈ కూజాలోంచి ఎవరో మీసాలాయన నన్ను చూస్తున్నాడు."

నిచ్చెన మీద చప్పుడు ఆగిపోయింది.

వదినగారు ఒక్కో మెట్టే దిగి వచ్చింది. తొట్టెలో నీళ్ళు కూజా మూతికి జానెడు పైన ఆగాయి. కూజా ఒంటినిండా ఆకుపచ్చ పాచి. ఒరిగిన మూతిలోంచి మీసాల మొహం అందర్నీ అనుమానంగా చూస్తోంది.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది వదినగారు. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. అద్దాలాయనకి దానికే భయం వేసింది.

"రెండు నెలలు."

"పోయిన నెల నేనొచ్చినప్పుడు షోకేసులో ఉందిగా?"

"ఆ పూటకి తీశాం."

"తడిగా ఉందేమంటే, పువ్వులు పెట్టామన్నారు."

"అన్నాం."

"గమనించాలి," అన్నాడు లాయరు కోటు పిండుకుంటూ, "ముద్దాయి ఒప్పుకుంటున్నాడు."

ఇంక దాచడానికేమీ మిగల్లేదు. అద్దాలాయన సోఫా అంచున కూలబడి మొత్తం కక్కేశాడు. "ఏం చెయ్యమంటారు వదినా? రెండేళ్ళు! గొట్టాలు పెట్టాను, రాళ్ళు పెట్టాను, దుకాణం వాడిచ్చిన గుహలన్నీ పెట్టాను. దేనికేసీ చూళ్ళేదు. మీ కూజా పడేశాను, మర్నాడే మూతి చుట్టూ తిరగడం మొదలెట్టాడు. లోపల గుడ్లున్నాయి. మూడు రోజులైంది వాడు తిని. ఇప్పుడు బయటికి లాగితే గుడ్లు పోతాయి. ఆ వంకరే వాడికి నచ్చిందో ఏమో..."

"వంకరా?"

"ఒంపు," అన్నాడు తోడల్లుడు కంగారుగా.

"ఆ, ఒంపు," అన్నాడు అద్దాలాయన.

వదినగారు తొట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. తండ్రిచేప ఆవిడకేసి ఒకసారి చూసి, వెనక్కి తిరిగి గుడ్లకి విసరడంలో పడ్డాడు. లాయరుగారి కోటు చుక్కలు రాల్చింది.

"అంటే," అంది చివరికి, "డబ్బులు పెట్టి కొన్నవాటికంటే నాదే నచ్చిందా దానికి?"

"అన్నిటికంటే మీదే వదినా."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. అద్దాలాయన గండం గడిచిందనుకుని ఊపిరి పీల్చుకున్నాడు. తొందరపడ్డాడు.

"అయితే ఇలాగే పెడదాం ప్రదర్శనలో," అంది వదినగారు. "చేపతో, గుడ్లతో. ఏమండీ, చిన్న తొట్టె ఒకటి చూడండి."

"వదినా, అది కదిలిస్తే..."

"కూజా కదలదు, నీళ్ళలోంచి బయటికి రాదు. బకెట్టు ముంచి అడుగునుంచి ఎత్తుదాం," అన్నాడు తోడల్లుడు. ఆయనకి అప్పుడే హుషారు వచ్చింది. అద్దాలాయన కాదన్నాడు, బతిమాలాడు, చేపల మనస్తత్వం గురించి ఉపన్యాసం ఇచ్చాడు. చివరికి, తను లేకుండా వాళ్ళిద్దరూ ఎత్తడం కంటే తనే ఎత్తడం నయమని చేతులు ముంచాడు. కారు వెనక సీట్లో బకెట్టుని ఒళ్ళో పెట్టుకుని, ప్రతి గతుకుకీ "మెల్లగా అన్నయ్యా!" అంటూ వెళ్ళాడు. పక్కన ఆరని కోటుతో లాయరు. ఆయన్ని దారిలో కోర్టు దగ్గర దింపుతామని మాట ఇచ్చారు.

సాయంత్రం బడి నుంచి లెక్కల టీచరు తిన్నగా ప్రదర్శనకి వచ్చింది. హాలు నిండా నునుపైన కూజాలు, పూలసజ్జలు, పళ్ళేలు వరసగా ఉన్నాయి. వాటి దగ్గర ఎవరూ లేరు. జనమంతా మొదటి బల్ల చుట్టూ మూగారు. మధ్యలో చిన్న అద్దాల తొట్టె. దాని పక్కన మొగుడు, కాపలావాడిలా రెండు చేతులూ చాపి, "అద్దం కొట్టకండి, దయచేసి అద్దం కొట్టకండి," అంటున్నాడు.

"నిజం చెప్పారా?" అంది.

"చెప్పాను."

"మీ అంతట మీరేనా?"

"లాయరు చెప్పించాడు."

ముఖ్య అతిథి చిత్రకళ పాఠాలు చెప్పే పెద్దాయన. ఆయన కూజా ముందు పది నిమిషాలు నిలబడి, ఖాళీతనం గురించీ, దాన్ని నింపే ప్రాణం గురించీ మాట్లాడాడు. చప్పట్లకి తండ్రిచేప ఉలిక్కిపడి లోపలికి సర్దుకున్నాడు. గుడ్లు మాత్రం వదల్లేదు. అద్దాలాయన నుదురు తుడుచుకున్నాడు.

జనం పలచబడ్డాక ఆయన బకెట్టు తీశాడు. "పదండి వదినా, ఇంటికి చేరుద్దాం వీణ్ణి."

"ఎవరింటికి?" అంది వదినగారు. "నా మొదటి కూజా అది. ఇంకోసారి మీ ఇంట్లో వదులుతాననుకున్నారా? మా హాల్లో పెట్టుకుంటాను."

"చేప నాది కదా!"

"చేపని బయటికి తీసుకోండి మరి. నేనేం వద్దన్నానా?"

అద్దాలాయన భార్యకేసి చూశాడు. ఆవిడ పైకప్పుకేసి చూసింది. తోడల్లుడు అప్పటికే ఇంట్లో తొట్టె ఎక్కడ పెట్టాలో, మోటారు ఎక్కడ బిగించాలో చేతులతో కొలుస్తున్నాడు.

గురువారం పిల్లలు పుట్టాయి, వదినగారి హాల్లో, టీవీ పక్కన. అప్పట్నుంచి అద్దాలాయన రోజూ దుకాణం తెరవకముందే అక్కడికి వెళ్ళి నీళ్ళు మారుస్తున్నాడు, కీరా ముక్కలు వేస్తున్నాడు, మోటారు ఆపమని తోడల్లుణ్ణి బతిమాలుతున్నాడు. వచ్చినవాళ్ళందరికీ వదినగారు పిల్లల్ని చూపించి, "మా మరిదిగారు కూడా బాగా సాయం చేస్తారు," అంటోంది.

ఆవిడ మనసు మాత్రం మంచిది. మరిది మొహం చూడలేక, వారం తిరక్కుండా ఆయన కోసం ఇంకో కూజా చేసి, కాల్చి, తనే తెచ్చి ఆయన ఇంట్లోని తొట్టెలో పెట్టింది. ఇప్పుడు ఆవిడ చెయ్యి బాగా తిరిగింది. కూజా నున్నగా, గుండ్రంగా, ఎక్కడా ఒక్క వంకర లేకుండా కుదిరింది.

అక్కడే మిగిలిపోయిన ఆడ ప్లెకో దాని చుట్టూ ఒక్కసారి తిరిగి, వెళ్ళి నీళ్ళు వెచ్చబెట్టే హీటరు వెనక కూర్చుంది.