కుట్టిన చోట సంప్రదించండి

ఆ ఆదివారం పొద్దున టైలర్ మాస్టారి కార్యక్రమం చాలా చిన్నది. కాఫీ తాగడం, షాపు వెబ్‌సైటుకు ఉచితంగా దొరికే ప్లగిన్లు రెండు తగిలించడం, భోజనం వేళకు కంప్యూటరు ముందు నుంచి లేచిపోవడం. ప్లగిన్ అంటే ఏమిటో ఎవరినీ అడక్కుండా ఆయనే తేల్చుకున్నారు. చొక్కాకు జేబు లాంటిది. చొక్కా ముందే ఉంటుంది, జేబు తర్వాత తగిలిస్తాం. ఎన్ని జేబులుంటే అంత సౌకర్యం అనుకోవడం దగ్గర ఆయన పొరపాటు మొదలైంది.

ఇంత హడావిడి దేనికంటే, ఊరి చివర ఒక పెద్ద హోటలు తెరవబోతున్నారు. గేటు దగ్గర సలాము కొట్టేవాళ్ల నుంచి తోటమాలి దాకా అందరికీ యూనిఫారాలు కావాలి. ఆ హోటలు మేనేజరమ్మ ఫోన్లో మొహమాటం లేకుండా చెప్పేసింది. "మీ షాపు కోసం నెట్‌లో వెతికానండీ. ఎన్ని పేజీలు తిప్పినా తగల్లేదు. మీ ఎదురుగా ఉన్న రెడీమేడ్ షాపు మాత్రం పైనే ఉంది. నాకు తిరిగే టైము లేదు. నెలాఖరులోగా ఎవరో ఒకరికి ఖాయం చేసేస్తా."

ఎదురు రెడీమేడ్ షాపు యజమాని పరాయివాడైనా బాగుండేది. ఆయన మాస్టారి భార్యకు స్వయానా అన్నయ్య. మాస్టారి షాపుకు గిరాకీ తగ్గినప్పటి నుంచి ఆ బావగారికి జాలి ఎక్కువైంది. "ఎందుకు బావా ఈ తాపత్రయం? మూసేసి మా దగ్గరికొచ్చెయ్. ప్యాంట్ల అంచులు మడిచి కుట్టే పనుంది. మూలన ఫ్యాను కింద నీకో స్టూలు వేయిస్తా" అని నలుగురూ ఉన్నప్పుడే అనేవాడు. హోటలు ఆర్డరు పోతే ఆ స్టూలే గతి అని మాస్టారికి బాగా తెలుసు. తలుచుకుంటేనే ఆయనకు నడుము నొప్పి పుట్టేది.

ఉచితం అన్న మాట కనబడితే మాస్టారి చెయ్యి ఆగదు. రెండనుకున్నది భోజనాల వేళకు రెండు చేతుల వేళ్లకు సరిపోయింది. వెబ్‌సైటును పరుగెత్తించేది ఒకటి, దానికి దారి చూపించేది ఒకటి, ఏం చేస్తుందో చేసినవాడికి కూడా తెలియనిది ఒకటి. ఆ చివరిదాన్ని కూడా ఉండనీ పాపం అని ఉంచేశారు.

"రెండు చాలన్నారుగా" అంది కాజాలు కుట్టుకుంటున్న భార్య.

"ఊరికే ఇస్తుంటే వద్దంటామా?"

"ఊరికే వస్తుందని తలనొప్పి కూడా తెచ్చుకోండి."

వాటిలో ఒకటి దీపాల ప్లగిన్. పేజీ బాగాలేకపోతే ఎర్రదీపం, బాగుంటే పచ్చదీపం వెలిగిస్తుంది. మీ ముఖ్యమైన పదం ఏదని అది అడిగింది. మాస్టారు సగర్వంగా 'కుట్టు' అని కొట్టారు. ఎర్రదీపం వెలిగింది, ఆ పదం పేజీలో మరీ తక్కువగా ఉందట. ముప్ఫై ఏళ్లుగా కుడుతున్న మనిషికి అది తగలరాని చోట తగిలింది. 'మేం కుడతాం. బాగా కుడతాం. ఎవరికైనా, ఎక్కడైనా కుడతాం. ఒకసారి కుడితే మళ్లీ మరిచిపోరు' అని నింపేశారు. దీపం పసుపు రంగుకు వచ్చి మొరాయించింది. సరిగ్గా అప్పుడే ప్రశ్నోత్తరాల ప్లగిన్ తొంగిచూసి, ఈ పదం గురించి జనం అడిగే ప్రశ్నలు, జవాబులు తనే రాసిపెడతానంది. మాస్టారు సరేనన్నారు. టక్కున పచ్చదీపం వెలిగింది. పచ్చదీపం వెలిగాక చదవడం దేనికని ఆయన లేచి చెయ్యి కడుక్కున్నారు.

నెలాఖరు వచ్చింది. ఆ రోజు పొద్దున షాపు తెరవగానే ఫోను మోగింది.

"కుట్టే మాస్టారేనాండీ?"

"నేనేనండీ, చెప్పండి."

"కుట్టిందండీ. బాగా కుట్టింది."

ఎవరో టైలరమ్మను తన దగ్గరే పొగుడుతున్నాడని మాస్టారికి చిరాకేసింది. "బాగా కుడితే మరి నాకెందుకు చేశారు?"

"బాగా అంటే ఘోరంగా అండీ. మెడ దగ్గర."

"కాలరు దగ్గరా? బిగుసుకుపోయిందా?"

"మెడ తిప్పలేకపోతున్నా."

"అంత బిగువుగా ఎవరు కుట్టారండీ?"

"ఎవరని చెప్పను? వెనక నుంచి వచ్చింది, కుట్టింది, పోయింది."

"కొలతలు తీసుకోకుండానే?"

"కొలతలు కూడా తీసుకుంటాయాండీ?"

"తీసుకోకపోతే ఇలాగే ఏడుస్తుంది. వచ్చెయ్యండి, విప్పి వదులు చేస్తా."

"విప్పాలా?" అంటూనే అవతలాయన ఫోను పెట్టేశాడు.

ఆ వెంటనే ఇంకో ఫోను. ఒక పెద్దాయన కుట్లు విప్పుతారా అని అడిగాడు. పొట్ట దగ్గరట. పొట్ట పెరిగినవాళ్ల ప్యాంట్లు వదులు చేయడం మాస్టారికి వెన్నతో పెట్టిన విద్య. నిమిషాల మీద పని, రమ్మన్నారు. ఫోను పెట్టేసి, నెట్‌లో షాపు పైకి వచ్చినట్టుందని భార్యతో అన్నారు. చాలా రోజుల తర్వాత ఆయన ఈల వేశారు.

మొదటి గిరాకీ బనీనుతో వచ్చాడు. మెడ ఒక పక్క బన్ను రొట్టెలా పొంగి ఉంది.

"చొక్కా ఏదండీ?" అన్నారు మాస్టారు.

"మెడకు పట్టడం లేదండీ."

మాస్టారి బుర్ర ఆగిపోయినా చేతులు అలవాటు ప్రకారం టేపు తీసి మెడ చుట్టూ పట్టాయి. పదిహేడున్నర. రాసుకునేలోపు పద్దెనిమిది అయింది. ముప్ఫై ఏళ్ల అనుభవంలో కొలుస్తుండగా పెరిగిన మనిషిని ఆయన చూడలేదు. ఇంతలో పెద్దాయన వచ్చాడు. పలకరింపులేవీ లేకుండా కటింగ్ టేబుల్ ఎక్కి, సుద్దతో గీతలు గీసి ఉన్న గుడ్డ మీద వెల్లకిలా పడుకుని, చొక్కా పైకెత్తి కళ్లు మూసుకున్నాడు. పొట్ట మీద ఆపరేషన్ కుట్లు వరసగా ఉన్నాయి.

"నెమ్మదిగా బాబూ. కత్తెరంటే నాకు చిన్నప్పటి నుంచీ భయం."

గుమ్మంలో ఒకావిడ ఇద్దరు ఆడపిల్లలతో నిలబడి, ఇద్దరికీ కలిపి చెవులు కుడితే ఏమైనా తగ్గిస్తారా అని అడుగుతోంది. వెనక గదిలోంచి వచ్చిన మాస్టారి భార్యకు, బోసి పొట్ట మీదికి కుట్లు విప్పే ముల్లు పట్టుకుని వంగిన మొగుడు కనిపించాడు.

"ఏం చేస్తున్నారండీ?"

"నాకూ తెలీడం లేదు" అన్నారు మాస్టారు నిజాయితీగా.

ఆవిడ ముందుగా ముల్లు లాక్కుంది. తర్వాత, మీకు మా సంగతి ఎవరు చెప్పారని బన్ను మెడాయన్ని అడిగింది. ఆయన తన ఫోను చూపించాడు. ఆవిడ పైకి చదవడం మొదలుపెట్టింది.

"కుట్టిన చోట మంట ఎందుకు పుడుతుంది? మా మాస్టారిని సంప్రదించండి. కుట్లు ఎప్పుడు విప్పించుకోవాలి? మా మాస్టారిని సంప్రదించండి. చెవి కుట్టించుకుంటే నొప్పిగా ఉంటుందా? ముప్ఫై ఏళ్ల అనుభవం, నొప్పి తెలియదు. తేలు కుడితే ఏం చేయాలి?" ఇక్కడ ఆవిడ ఆగి ఊపిరి పీల్చుకుంది. "హోమ్ డెలివరీ సౌకర్యం కలదు."

ఆవిడ ఫోను ఇంకాస్త తిప్పి చూసింది.

"కుట్టింది అని కొడితే మనమే మొదట వస్తున్నామండీ. ఆస్పత్రులన్నీ మన కింద ఉన్నాయి."

"మొదటా?" అన్నారు మాస్టారు. అంత కష్టంలోనూ ఆయన గొంతులో చిన్న మురిపెం వినబడింది. భార్య చూసిన చూపుకు అది వెంటనే అణిగిపోయింది.

బయట వరస పెరుగుతోంది. ఎవరికి చెయ్యి వాచింది, ఎవరికి చెవి వాచింది, ఒకతను ఎక్కడ వాచిందో చెప్పడానికి సిగ్గుపడి నిలబడే ఉన్నాడు. మాస్టారు కాలుగాలిన పిల్లిలా కంప్యూటరు దగ్గరికి పరుగెత్తి ప్రశ్నోత్తరాల ప్లగిన్ తీసేయబోయారు. తగిలించడం ఉచితమేగానీ తీయించుకోవడానికి డబ్బు కట్టాలని అది మర్యాదగా చెప్పింది. దాంతో ఆయన ఇంకో ఉచిత ప్లగిన్ తెచ్చారు. ఒక మాట తీసేసి, ఉన్నచోటల్లా ఇంకో మాట పెడుతుందది. కుట్టడం అన్నదంతా తీసి టైలరింగ్ అని పెట్టమన్నారు. అది పని పూర్తిచేసి మురిసిపోయింది. ఇప్పుడు పేజీలో 'కందిరీగ టైలరింగ్ చేసిన చోట గోకరాదు' అనీ, 'తేలు టైలరింగ్ చేస్తే హోమ్ డెలివరీ సౌకర్యం కలదు' అనీ ఉంది. పచ్చదీపం మాత్రం చెక్కుచెదరలేదు.

"ఇంక దాన్ని ముట్టుకోకండి" అని భార్య రంగంలోకి దిగింది. పెద్దాయన్ని టేబుల్ దింపి ఆయనకు ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికే పంపింది. చెవుల ఆవిడకు దండం పెట్టింది. కుట్టించుకున్నవాళ్లకు మాత్రం గుడ్డముక్కలో ఐసు చుట్టి ఇచ్చి, వీధి చివరి క్లినిక్కుకు దారి చూపించింది. ఐసు చుట్టే పని మాస్టారిది.

ఈ వేడుకంతా బావగారు తన గుమ్మంలో చేతులు కట్టుకుని చూస్తున్నాడు. వాచిన మొహం ఏది కనబడినా చెయ్యి చాపి, "అదుగో, ఎదురుగా. పెద్ద డాక్టరు" అని మళ్లిస్తున్నాడు. దారిన పోయే, ఎక్కడా వాచని వాళ్లతో కూడా చెప్పి నవ్వుకుంటున్నాడు.

"బావా, ఆస్పత్రి ఎప్పుడు తెరిచావు? మాకు చెప్పనేలేదే" అని అక్కణ్ణుంచే కేకేశాడు. "మధ్యాహ్నం మేనేజరమ్మ మా షాపుకొస్తోంది, ఆర్డరు రాసివ్వడానికి. నీ స్టూలు తుడిపించి ఉంచానులే."

మాస్టారికి నిజంగానే ఏడుపొచ్చింది. భార్యకు కనబడకుండా ఐసు పట్టుకున్న చేత్తో కళ్లు తుడుచుకున్నారు. మేనేజరమ్మ గొంతు ఇద్దరు షాపువాళ్లూ ఫోన్లో విన్నదే, మొహం ఎవరూ ఎరగరు. ఆవిడ వచ్చే దారిలో కాపు కాసి బతిమాలుకుందామన్నా మనిషెవరో తెలియదు. ఇంక చేసేదేమీ లేదని ఆయన మరో ఐసుముక్క చుట్టారు.

మధ్యాహ్నం తలకు చున్నీ కప్పుకున్న ఒకావిడ వచ్చింది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది, పెదవి వాచి మాట ముద్దముద్దగా వస్తోంది. "కందిలీగ. ఎదులు షాపాయన పంపించాడు" అంది. మాస్టారు ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, ఉన్నవాటిలో మెత్తటి గుడ్డ వెతికి ఐసు చుట్టి ఇచ్చారు. "కంటి దగ్గర కదమ్మా, ఐసుతో ఊరుకోకండి. కాస్త కుదుటపడ్డాక మా ఆవిణ్ణి తోడిచ్చి క్లినిక్కుకు పంపిస్తా" అన్నారు.

ఆవిడ ఒంటికన్నుతో షాపంతా చూసింది. మూలన బొమ్మకు తొడిగిన ముదురు నీలం కోటు దగ్గర ఆ కన్ను ఆగింది. ఎవరిదని అడిగింది.

"హోటలు వాళ్ల కోసం నమూనాగా కుట్టానమ్మా. ఇంక ఎవరికీ పనికిరాదు" అన్నారు మాస్టారు. పొద్దుటి నుంచి దిగమింగినదంతా అప్పుడు బయటికొచ్చింది. "నెట్‌లో పైనున్నవాళ్లకే ఆర్డరిస్తుందట ఆ మేనేజరమ్మ. గుడ్డ చూడదు, కుట్టు చూడదు. ఆవిడకసలు కళ్లున్నాయో లేవో."

"ప్లస్తుతం ఒకటే పనిచేస్తోందండీ" అందావిడ.

మాస్టారి చేతిలో ఐసుముక్క జారి కిందపడింది. భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మేనేజరమ్మ మెల్లగా, ఆగి ఆగి చెప్పుకొచ్చింది. పొద్దున హోటలు తోటలో కందిరీగ కుట్టిందట. అయినా మాట ఇచ్చాను కదా అని ఆర్డరు రాసివ్వడానికి ఎదురు షాపుకే వెళ్లిందట. గుమ్మంలో నోరు తెరవగానే ఆయన, ఎదురుగా ఎదురుగా అని చెయ్యి ఊపాడట. తను ఎవరో చెప్పబోతే, ఈ మొహంతో ఇక్కడ నిలబడితే మా గిరాకీ భయపడుతుంది పొమ్మని అద్దాల తలుపు మూసేశాడట.

"గుమ్మంలోకొచ్చిన మనిషిని అలా పంపించేవాడి బట్టలు మా వాళ్లకెందుకండీ?" అని లేచి, కోటు లోపలి వైపు తిరగేసి కుట్ల వెంట వేలితో తడిమి చూసింది. "బాగుంది. అందలికీ మీలే కుట్టండి. తోటమాలికి మాత్లం మెడ దాకా గుండీలు పెట్టండి."

మాస్టారు నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశారు. మేనేజరమ్మను క్లినిక్కుకు తీసుకెళ్లేటప్పుడు ఆయన భార్య ఎదురు షాపు ముందు కావాలనే ఒక్క నిమిషం ఆగింది. "అన్నయ్యా, హోటలు మేనేజరు గారు. నువ్వు పంపించావటగా, చాలా థాంక్స్" అని నెమ్మదిగా చెప్పి వెళ్లింది. బావగారు అద్దాల తలుపు వెనకే నిలబడిపోయాడు. సాయంత్రం దాకా అక్కణ్ణుంచి కదల్లేదు. హోటలు బండి వచ్చి మాస్టారి షాపులో గుడ్డల తానులు దించుతుంటే ఒక్కొక్కటీ చూస్తూనే ఉన్నాడు.

ఏ కందిరీగా వాలకుండానే ఆయనకు కన్ను కుట్టింది.