తండా అంతా తిరిగిన ఫ్రిజ్

ఆ రోజు పొద్దున ప్రమీల అనుకున్నది చాలా చిన్న పని. సర్వే సారు వస్తాడు, తండా పిల్లలు ఎట్లా బతుకుతున్నారో ఉన్నది ఉన్నట్టు చూస్తాడు, పోతాడు. జిల్లాలో పేద పిల్లలు ఎక్కువున్న చోటికే కొత్త అంగన్‌వాడీ భవనం ఇస్తామని మీటింగులో చెప్పారు. ఖమ్మం పట్నంతో పోలిస్తే ఈ అడవి అంచు తండాకే అది రావాలి. టీచరుగా ప్రమీల పిల్లలకు టార్పాలిన్ కిందే అన్నం పెడుతోంది. వాన పడిన రోజు పప్పు కాస్తా పప్పుచారు అవుతుంది.

ఒక్కటే పొరపాటు జరిగింది. వచ్చే సారు ఎవరని ముందురోజు బోరింగు దగ్గర లాలి అడిగితే, కూసుమంచి దిక్కు శ్రీనివాస్ అని, మనోళ్లేనని, డిగ్రీ చదివి కొలువు చేస్తున్నాడని ప్రమీల చెప్పింది. లాలి ఇంకేమీ అడగలేదు. ఆమెకు పెళ్లీడు కూతురు సోని ఉంది. మిగిలిందంతా ఆమే ఊహించుకుంది.

తెల్లారేసరికి, అశ్వారావుపేట పామాయిల్ మిల్లులో పనిచేసే లాలి తమ్ముడు తన ఇంటి ఫ్రిజ్‌ను ట్రాక్టరు మీద తెచ్చి దించాడు. పక్కింటి చాంది అది చూసి ఊరుకోలేదు.

"నీ సోనికేనా పెండ్లి? మా పిల్ల నీ కండ్లకు ఆన్తలేదా?"

లాలి న్యాయం తెలిసిన మనిషి. సారు తన గడప దాటగానే ఫ్రిజ్ వెనక వాకిలి గుండా చాంది ఇంటికి, అక్కడి నుంచి భీమయ్య ఇంటికి, అట్లా చివరి ఇంటి దాకా పోయేట్టు ఒప్పుకుంది. వెంట ఒక సైకిలు, ఒక పిల్లల బూట్ల జత కూడా బయలుదేరాయి.

శ్రీనివాస్ తన ఇంట్లో మొదటి డిగ్రీ మనిషి. కంటితో చూసిందే ట్యాబ్‌లో ఎక్కించాలన్న నియమాన్ని అక్షరాలా పాటించేవాడు. లాలి ఇంట్లో ఫ్రిజ్ ఎక్కించాడు. చాంది ఇంట్లోనూ ఎక్కించాడు. భీమయ్య ఇంటికి వచ్చేసరికి దాహమేసి చూస్తే నీళ్ల సీసా లేదు. లాలి ఇంట్లో ఫ్రిజ్ మీద పెట్టి మరిచిపోయిన ఆ సీసా భీమయ్య ఫ్రిజ్ మీద కనిపించింది.

"ఇది నాది గదా?" అన్నాడు.

"ఫ్రిజ్ కొంటే ఇచ్చిండ్రు సారూ," అన్నాడు భీమయ్య.

చల్లటి నీళ్లకని తలుపు తీస్తే లోపల ఉల్లిగడ్డలున్నాయి. చాంది దొరికిన కాసేపూ వాడుకుంది.

పిల్లలకు గుడ్లు ఉడకబెట్టి ప్రమీల వచ్చేసరికి, ఫ్రిజ్ నలుగురి భుజాల మీద చివరి ఇంటికి పోతోంది. ఆమె లాలి చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏంది అత్తా ఇది? భవనం పోతది."

"పెండ్లికొడుకుకు మన లేమి చూపిస్తమా బిడ్డా?"

అదే సమయానికి శ్రీనివాస్ ఫోను మోగింది. వీడియోలో ఒక పాప "నాన్నా, జల్దీ రా" అంది. వెనక వాళ్లమ్మ కూడా కనిపించింది. ఫ్రిజ్ సందు మధ్యలోనే దిగింది.

ఆ తర్వాత అందరూ శ్రీనివాస్ చుట్టూ చేరి, ఆ ఫ్రిజ్ తమది కాదని, లెక్కలోంచి తీసేయమని బతిమాలారు.

"పంపేసిన అమ్మా. నా చేతుల లేదు," అన్నాడు శ్రీనివాస్. తండాలో పుట్టినవాడే కనుక సంగతి అర్థమైంది; నవ్వు ఆపుకోలేక సీసా ఎత్తి నీళ్లు తాగాడు.

నెల తిరిగాక లెక్క తేలింది. తండాలో పేద పిల్లలే లేరు. రేషన్ కార్డు పోతుందని భయపడి, ఉన్న ఫ్రిజ్‌లు పక్కింటివని చెప్పిన ఖమ్మం కాలనీ ఒకటి మాత్రం కటిక పేదగా తేలింది. పై అధికారులు నమ్మక మళ్లీ సర్వే పెట్టారు.

ఈసారి వచ్చే రమణ కూడా మనోడేనని తెలిసి ప్రమీల జాగ్రత్తపడింది. ఆయనకు పెళ్లయిందని, ఇద్దరు పిల్లలని ముందే ఇంటింటికీ చెప్పి వచ్చింది. ఎవరూ ఏమీ మోయలేదు. రమణతో పాటు వాన కూడా వచ్చింది. ఆయన పిల్లల పక్కన టార్పాలిన్ కింద కూర్చుని పప్పుచారు తిన్నాడు.

భవనం మంజూరైంది. రమణకు అసలు పెళ్లే కాలేదని లాలికి ప్రమీల గోడలు లేచాక చెప్పింది.